తీరమూ, తీరికా – కోనసీమ రచనల్లో సాయంకాలం ఎవరిది?

1

కోనసీమను వస్తువుగా తీసుకున్న తెలుగు రచనల్లో సాయంకాలాలు ఎక్కువ. కాలువగట్టు, కొబ్బరాకుల సందున దిగిపోతున్న సూర్యుడు, రేవు దాటి వస్తున్న పంటు, అరుగు మీద కబుర్లు, తమలపాకుల పళ్ళెం – వీటిలో ఏ రెండయినా లేకపోతే అది కోనసీమ రచన కాదేమో అన్నంతగా పాఠకుడు అలవాటుపడ్డాడు. ఆ వర్ణనలన్నీ అబద్ధాలని నేను అనను. ఈ సీమలో పుట్టి, ఇక్కడి బడిలోనే తెలుగు పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. ఆ సాయంకాలాల అందం నాకు తెలియనిది కాదు. అయితే ఇలాంటి రచనల్ని విడివిడిగా కాక ఒక వరసలో పెట్టి చదివినప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఆ సాయంకాలం ఎవరిది? అరుగు మీద కూర్చున్న మనిషి పొద్దున్నుంచి ఏం పని చేసి వచ్చి కూర్చున్నాడు? అతను చెయ్యని పని ఎవరు చేశారు?

ఇది రచయితను బోనులో నిలబెట్టడానికి వేసే ప్రశ్న కాదు. సాహిత్యంలో వాస్తవికతకు సంబంధించిన ప్రశ్న. తీరప్రాంతపు తీరికను ప్రకృతి ప్రసాదించిన వరంగా చూపే రచన ఎంత అందంగా ఉన్నా సగం వాస్తవాన్నే చెబుతుంది. శ్రామికుడికి ఆకలీ, అలసటా తప్ప మరేమీ లేనట్టు చూపే రచన, అది అభ్యుదయ రచన అయినా సరే, మిగిలిన సగాన్ని పోగొడుతుంది. ఈ రెండు లోపాలకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. తీరికను శ్రమనుంచి విడదీసి చూడటమే ఆ మూలం. ఈ విషయాన్ని మన రచనలతోపాటు, మనలాగే వరీ, కాలువలూ, సముద్రమూ ఉన్న ఒక స్పెయిన్ నగరపు రచనలతో పోల్చి పరిశీలిస్తాను.

2

ముందుగా మాటల సంగతి. తెలుగులో ఈ విషయానికి మంచి మాటలున్నాయి. "తీరిక" అంటే పని తీరిన తరవాత మిగిలిన కాలం. పని లేనివాడికి తీరిక ఉండదు. తీరడానికి పని ఉండాలి. "ఖాళీ" వేరు. కూలి దొరకని రోజున కూలివాడు "ఖాళీగా ఉన్నాను" అంటాడేగాని "తీరిగ్గా ఉన్నాను" అనడు. మూడోది "ఎదురుచూపు". కొబ్బరి దింపుకి ఎవరయినా పిలుస్తారేమోనని దింపు కార్మికుడు కూర్చుంటాడు. అవతలి ఒడ్డున ఉన్న పంటు కోసం చేపలమ్మి తట్ట దించుకుని కూర్చుంటుంది. దూరంనుంచి చూసేవాడికి ముగ్గురూ కొబ్బరిచెట్టు కింద చల్లగా కూర్చున్న మనుషులే. ముగ్గురి కాలమూ ఒకటి కాదు. ఆ తేడా కనిపెట్టగలవాడే రచయిత.

తీరిక శ్రమలోంచి పుడుతుందన్నది ఆర్థికశాస్త్రం మనకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. మనిషి నిజమయిన స్వేచ్ఛకు పనిదినం తగ్గడమే ప్రాథమికమయిన షరతు అని మార్క్స్ "కాపిటల్" మూడో సంపుటంలో అన్నాడు. ఆయన అల్లుడు పాల్ లఫార్గ్ 1880లో, సోమరిగా ఉండటం కూడా శ్రామికుడి హక్కేనని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆ ఎగతాళి వెనక ఉన్న వాదన తీవ్రమయినది. యంత్రాలు పెరిగినా పనిగంటలు తగ్గకపోతే ఆ మిగులు కాలం ఎవరి జేబులోకి పోయింది అన్నదే ఆయన ప్రశ్న.

స్పెయిన్ తీరనగరాల్ని గురించి ప్రపంచానికి ఉన్న ఊహ కూడా మన కోనసీమ గురించి ఉన్న ఊహ లాంటిదే. ఎండ, ఇసుక, మధ్యాహ్నపు కునుకు, పొద్దువాలాక కుటుంబాలతో వీధుల్లో నెమ్మదిగా నడక, రాత్రి పొద్దుపోయేదాకా కాఫీ దుకాణాల దగ్గర కబుర్లు. ఇదంతా అక్కడి వాతావరణమూ, అక్కడి మనుషుల స్వభావమూ అని యాత్రికులు రాస్తారు. కాని ఆ తీరనగరాల్లోనే పెద్దదయిన బార్సెలోనాలో 1919 ఫిబ్రవరిలో ఒక విద్యుత్ కంపెనీలో ఎనిమిదిమంది గుమాస్తాలను తీసేశారు. దానిమీద సమ్మె లేచింది. దీపాలు ఆరిపోయాయి, ట్రాములు ఆగిపోయాయి, మిల్లులు మూతపడ్డాయి. 44 రోజులు నడిచిన ఆ సమ్మె ఫలితంగా అదే సంవత్సరం ఏప్రిల్‌లో దేశమంతటా ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రకటిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఆ నగరంలో శ్రామికుడు తన సాయంకాలాన్ని సముద్రంనుంచి పొందలేదు. సమ్మె చేసి తెచ్చుకున్నాడు. ఈ సంగతి వదిలేసి సాగరతీరపు సాయంకాలాన్ని వర్ణించేవాడు పండును చూసి చెట్టును మరిచిపోయినవాడు.

3

అదే తీరం వెంట దక్షిణంగా వస్తే వలెన్సియా నగరం. మన రచయితలు దాన్ని శ్రద్ధగా చూడవలసిన కారణాలు ఉన్నాయి. ఊరి చుట్టూ కాలువల మీద బతికే తోటలు. ఊరికి దక్షిణాన, సముద్రానికి ఇసుకమేట అడ్డంగా ఉన్న అల్బుఫేరా అనే పెద్ద మడుగు; దాని చుట్టూ వరిచేలు. కాలువనీటి తగాదాల్ని రైతులే ఎన్నుకున్న పెద్దలు ప్రతి గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి వాకిట్లో కూర్చుని, కాగితం ముక్క లేకుండా నోటిమాటగా తీర్చే నీటి న్యాయస్థానం అక్కడ శతాబ్దాలుగా ఉంది; 2009లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. లాకుల దగ్గర వంతుల కోసం రాత్రిళ్ళు కాపలా కాసిన మన డెల్టా రైతుకు ఈ వ్యవహారం కొత్తగా తోచదు. ఇవాళ ప్రపంచమంతా వలెన్సియా పేరు చెప్పి తినే పయేయా అన్న వంటకం, పొలంలో మధ్యాహ్నం పూట కూలిజనం వెడల్పాటి పెనంలో బియ్యం, చిక్కుళ్ళు, దొరికిన మాంసం వేసి ఉడికించుకుని చుట్టూ కూర్చుని తిన్న అన్నమే. పొలంలో పుట్టిన అన్నం సముద్రపు ఒడ్డున హోటలు బల్ల మీదికి ఎలా చేరిందో, తీరిక చరిత్రా అలాగే చేరింది.

ఈ నగరంనుంచి ఒకే కాలంలో ఇద్దరు గొప్ప కళాకారులు వచ్చారు. చిత్రకారుడు హొవాకిన్ సొరోయా (1863–1923), నవలాకారుడు విసెంతె బ్లాస్కో ఇబాన్యెస్ (1867–1928). సొరోయా పేరు చెప్పగానే అందరికీ గుర్తుకొచ్చేది 1909లో గీసిన బొమ్మ: తెల్లని దుస్తుల్లో ఆయన భార్యా, కూతురూ సముద్రపు ఒడ్డున నడిచి వెళుతూంటారు. వెలుతురును అంత బాగా పట్టుకున్న చిత్రం అరుదు. కాని అదే సొరోయా 1894లో మరో బొమ్మ గీశాడు. పడవ అడుగుభాగంలో గాయపడి పడుకున్న పడుచు జాలరినీ, అతనికి ఉపచారం చేస్తున్న ఇద్దరు పెద్దవాళ్ళనూ చూపించి, దానికి "ఇంకా చేప ఖరీదంటారు!" అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1899లో అదే ఒడ్డున స్నానానికి తెచ్చిన అవిటి పిల్లల్ని "విషాద వారసత్వం" అన్న పేరుతో చిత్రించాడు. ఆ సముద్రమే, ఆ ఎండే. ఒకచోట అది షికారు, ఒకచోట జీవనోపాధి, ఒకచోట వైద్యం. మూడు బొమ్మలూ కలిపి చూసినవాడికే ఆ తీరం అర్థమవుతుంది. ఒక్క 1909 బొమ్మనే గోడకు తగిలించుకున్నవాడికి అది పండగ క్యాలెండరు.

బ్లాస్కో ఇబాన్యెస్ మరికొంత ముందుకు వెళ్ళాడు. 1895లో వచ్చిన "ఫ్లోర్ దె మాయో" నవల వలెన్సియా తీరంలోని కబన్యాల్ అనే జాలరిపేట కథ. దొంగ పొగాకు రవాణా చేసి, ఆ డబ్బుతో సొంత పడవ కట్టించుకున్న ఒక జాలరి చివరికి తుఫానులో పడవతో సహా పోతాడు. చేప ధర ఎక్కువని గీచిగీచి బేరమాడే నగరం వైపు తిరిగి ఒక ముసలి చేపలమ్మి పిడికిలి ఎత్తడంతో నవల ముగుస్తుంది. 1902 నాటి "కన్యాస్ ఇ బార్రో" – రెల్లూ, బురదా – మన చర్చకు ఇంకా దగ్గరిది. అల్బుఫేరా ఒడ్డున మూడు తరాలు. తాత పడవ మనిషి. ఇంకొకడి కింద పొలం పని చెయ్యడం నామోషీ అనుకుంటాడు. కొడుకు తోనీ మడుగులో ముక్కను మట్టితో పూడ్చి సొంత వరిచేను చేసుకోవాలని బుట్టలకు బుట్టలు మట్టి మోస్తాడు. అతనితోపాటు మోసేది, ఆ ఇంట పెరిగిన అనాథపిల్ల బోర్దా. మనవడు తోనెత్ మాత్రం సారాదుకాణం అరుగునే నమ్ముకున్నవాడు. అందగాడు, మాటకారి, పని పొడ గిట్టనివాడు. నవలలో సరదా అంతా అతని చుట్టూనే ఉంటుంది. కాని రచయిత ఆ సరదా పక్కనే మట్టిబుట్టను కూడా కనిపించేలా పెట్టాడు. చివరికి నెత్తిన మోసి పూడ్చిన ఆ నేలలోనే తండ్రి తన కొడుకు శవాన్ని పాతిపెడతాడు. తీరికా, శ్రమా ఒకే గోతిలో కలుసుకునే ఆ ముగింపు, వర్ణన వల్ల సాధ్యమయింది కాదు. దృక్పథం వల్ల సాధ్యమయింది.

దీనికి తరవాతి కథ ఇంకా గమనించదగ్గది. వలెన్సియాలో నగరంనుంచి సముద్రం వైపు పోయే పెద్ద రాజమార్గానికి ఈ నవలాకారుడి పేరే పెట్టారు. ఆ రోడ్డును సముద్రందాకా పొడిగించాలని 1998లో నగరపాలకులు పథకం వేశారు. పొడిగిస్తే దారికి అడ్డం వచ్చేది కబన్యాల్ పేట. సుమారు 1600 ఇళ్ళు కూల్చాలి. అంటే జాలరిపేటను నవలకెక్కించిన రచయిత పేరుతోనే ఆ జాలరిపేటను చీల్చే రోడ్డు! పేటవాసులు సంఘం కట్టి ఏళ్ళ తరబడి పోరాడారు. 2009 చివర్లో కేంద్ర సాంస్కృతిక శాఖ అడ్డుపడింది; 2015లో పాలకపక్షం మారాక పథకం వదులుకున్నారు. బొమ్మనూ, నవలనూ గౌరవించి, ఆ బొమ్మలోని మనుషుల్ని లేపేసే సంస్కృతి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమయిన ఉదాహరణ నాకు కనబడలేదు. తీరం షికారు స్థలమయిన కొద్దీ తీరంలో బతికేవాడు అడ్డంకి అవుతాడు. 2024లో బార్సెలోనా, మలగా వంటి తీరనగరాల్లో అద్దెలు భరించలేని స్థానికులు పర్యాటక వ్యాపారానికి వ్యతిరేకంగా వీధికెక్కడం ఈ చరిత్రకు కొనసాగింపే.

4

ఇప్పుడు మన సీమకు వద్దాం. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, సముద్రానికి ఎగువన ఉన్న ఈ లంకల నేలను ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) మార్చివేసింది. కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, వరి మీద మిగులు వచ్చింది, మిగులు మీద అరుగు వచ్చింది. అవధానాలూ, హరికథలూ, నాటక సమాజాలూ, చదరంగమూ, చీట్లపేకా అన్నీ ఆ మిగులు మీద పెరిగినవే. ఇందులో సిగ్గుపడవలసింది లేదు. సంస్కృతికి తీరిక కావాలి. కాని ఆనకట్ట నీరు పారినంత తేలికగా తీరిక అన్ని పేటల్లోకీ పారలేదు. అరుగు మీద కూర్చునేవారూ, అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడేవారూ అని రెండు రకాల సాయంకాలాలు ఏర్పడ్డాయి. నిలబడ్డవాడిది తీరిక కాదు, ఎదురుచూపు.

ఈ రెండు సాయంకాలాల్నీ ఒకే పడవలో కూర్చోబెట్టిన కథ పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం". "గాలివాన" 1952లో ప్రపంచ కథానికల పోటీలో బహుమతి పొందడం వల్ల దానికి వచ్చినంత పేరు దీనికి రాలేదుగాని, మన చర్చకు ఇదే ముఖ్యం. డెల్టా కాలువ మీద రాత్రి పడవ. చెప్పేవాడు ప్రయాణికుడు, నడుం వాల్చి ఆకాశం చూడగల తీరిక ఉన్నవాడు. అదే పడవలోకి రంగి, పద్దాలు ఎక్కుతారు. రాత్రి పద్దాలు సరుకుతో మాయమవుతాడు. నింద మోయడానికి రంగి మిగులుతుంది. ఆమె తన బతుకు చెబుతూంటే ప్రయాణికుడు వింటాడు. ఈ కథలో నేను మెచ్చేది రంగి పాత్ర ఒక్కటే కాదు. వినేవాడి తీరిక కూడా కథలో ఒక పాత్రగా ఉండటం. ప్రకృతి వర్ణనగా మొదలయిన రాత్రి, రంగి నోరు విప్పాక వర్ణనగా నిలవలేదు. చెప్పేవాడి చూపుకు హద్దులున్నాయని పాఠకుడికి తెలిసిపోతుంది. పద్మరాజును అభ్యుదయ రచయితగా లెక్కించాలా వద్దా అన్న పాత తగాదాలోకి నేను పోను. ఈ కథ మటుకు మనకు పాఠం.

సినిమాల్లో బాపు–రమణల "సాక్షి" (1967) ఇటువంటిదే. కొత్తపేట ప్రాంతంలోని పులిదిండిలో తీసిన ఆ చిత్రం బల్లకట్టు నడిపే ఒక అమాయకుడి కథ. హత్యకు సాక్ష్యం చెప్పినందుకు అతను ఊళ్ళో ఒంటరివాడవుతాడు. అదే గోదావరి, అవే కొబ్బరితోటలు. కాని ఇక్కడ ప్రకృతి విలాసంగా కనబడదు. నిశ్శబ్దంగా చూస్తూ ఊరుకున్న మరో ఊరివాడిలా కనబడుతుంది. ఆ తరవాత ఈ సీమకు కెమెరాలు చాలా వచ్చాయి. బల్లకట్టు ఫ్రేములో మిగిలింది. నడిపేవాడు ఫ్రేములోంచి జారిపోయాడు.

అరుగు కిందినుంచి ఈ చరిత్రను చూసినవారు బోయి భీమన్న. 1911లో మామిడికుదురులో దళిత కుటుంబంలో పుట్టిన ఆయన రాసిన "పాలేరు" నాటకం ఒకనాడు ఊరూరా ఆడింది. పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకుని అధికారి కావడం అందులో కథ. ఆదర్శం ఎక్కువని, పరిష్కారం వ్యక్తిగతమని ఈ నాటకాన్ని విమర్శించేవారున్నారు. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. కాని నాటకంలో ఒక లోతయిన విషయం ఉందని వారు గమనించలేదు. పాలేరుతనం గంటల లెక్క పని కాదు. పగలూ రాత్రీ కూడా ఆసామివే. అటువంటి పిల్లవాడు బడికి పోవడం అంటే, మొట్టమొదట, తన కాలాన్ని తనది చేసుకోవడం. "స్కూలు" అన్న మాటకు మూలమయిన గ్రీకు పదానికి అర్థమే తీరిక. బడిలో పని చేసేవాణ్ణి కనక ఈ సంగతి నాకు మరీ పట్టింది. భీమన్న నాటకాన్ని తీరిక కోసం జరిగిన పోరాటంగా చదివితే దాని విలువ పెరుగుతుందేగాని తరగదు.

మన కాలంలో గోదావరి జీవితాన్ని లక్షలమంది పాఠకుల దగ్గరకు చేర్చినవారిలో వంశీ ఒకరు. గౌతమికి ఆవలి ఒడ్డు కథలయినా "మా పసలపూడి కథలు" ప్రభావం ఇవతలి రచయితల మీద చాలా ఉంది. పేర్లూ, వంటలూ, కాలువలూ, వీధి మలుపులూ ఆయనకు గుర్తున్నట్టు మరొకరికి గుర్తుండవు. వృత్తులవాళ్ళు ఆ కథల్లో లేరని అనడం అన్యాయం, ఉన్నారు. నా ఆక్షేపణ ఆయన మీద కంటే ఆయన్ని అనుకరిస్తున్నవారి మీద ఎక్కువ. వారికి జ్ఞాపకం అంటే జాబితా. పూతరేకులు, పనసపొట్టు కూర, పులసచేప అని వరసపెడతారు. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది; సంతోషమే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, ఆ సెగ ముందు కూర్చుని, పల్చని పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి, కాయితం లాంటి రేకు తీసే ఆడవాళ్ళకు రోజుకు ఎన్ని రేకులు, నడుముకు ఎంత నొప్పి అన్నది ఏ జ్ఞాపకాల వ్యాసంలోనూ నాకు కనిపించలేదు. తినేవాడి జ్ఞాపకం ఉంది, చేసేదాని జ్ఞాపకం లేదు. సాహిత్యంలో మనం వర్గ దృక్పథం అంటే ఇదే. అది నినాదం కాదు, చూపు ఏ వైపునుంచి సాగుతోందన్న ప్రశ్న.

5

ఇంతవరకూ చెప్పింది మన వాళ్ళు సులభంగానే ఒప్పుకుంటారు. ఇక ఒప్పుకోవడం కష్టమయిన రెండో మాట. అభ్యుదయ కథల్లోనూ శ్రామికుడికి సాయంకాలం లేదు. అతను పొలంలో ఉంటాడు, లేదా అప్పు కోసం నిలబడి ఉంటాడు, లేదా సమ్మెలో ఉంటాడు. నవ్వితే తాగి నవ్వుతాడు. పాట పాడితే అది ఉద్యమగీతం. పేకాట, కోడిపందెం, తీర్థం, సినిమా, ఇంటి వెనక రెండు మందారపు మొక్కలు – ఇవి అతని జీవితంలో లేవా? ఉన్నాయి. మనం రాయలేదు. సరదా చూపిస్తే బాధ తేలికయిపోతుందేమోనన్న భయం దీనికి కారణం. కాని మనిషి దేనికోసం పోరాడతాడో చూపకుండా పోరాటాన్ని మాత్రం చూపడం ఎంతవరకు సబబు? బార్సెలోనా కార్మికుడు ఎనిమిది గంటల పని కోరింది మిగిలిన పదహారు గంటల కోసం.

జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు మొసలపల్లి దగ్గర కొబ్బరితోటలోకి వస్తాయి. అక్కడ గుడి లేదు. ఆ ఒక్క రోజుకు తోటే గుడి. వెదురుతో కట్టి, రంగు గుడ్డలు చుట్టిన ఎత్తయిన ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని, "శరభ, శరభ" అంటూ చేలకు అడ్డంపడి మోసుకొస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నీళ్ళలోంచే దాటుతాయి. తొక్కిన చేను గురించి రైతు బాధపడడు. దీన్ని గురించి భక్తి వ్యాసాలు వచ్చాయి, యాత్రా వ్యాసాలు వచ్చాయి. అభ్యుదయ రచయిత మాత్రం మూఢాచారమని పక్కకు తప్పుకున్నాడు. కాని అక్కడ జరుగుతున్నది ఏమిటి? ఏడాది పొడుగునా ఇంకొకరి బరువు మోసే భుజం, ఆ ఒక్క రోజు తన ఇష్టంతో బరువు మోస్తుంది. పని చేసిన కండరమే ఆటలో పాల్గొంటుంది. వలెన్సియాలో మార్చి నెలలో పేటపేటకూ చందాలు వేసుకుని, అట్టబొమ్మలు కట్టి, పాలకుల్ని ఎగతాళి చేసి, ఆఖరి రాత్రి వాటిని తగలబెట్టే ఫాయాస్ పండుగలోనూ ఇదే సూత్రం. సామూహిక శ్రమే సామూహిక వినోదం కావడం.

అంతమాత్రాన ప్రభను కీర్తిస్తూ కూర్చోనక్కరలేదు. ఏ కులం భుజం ప్రభ కింద ఉంటుంది, ఏ పేట దూరంనుంచి చూస్తుంది, ఖర్చు ఎవరు పెట్టి పెత్తనం ఎవరు చేస్తారు, ఆడవాళ్ళు ఎక్కడ నిలబడతారు – ఈ ప్రశ్నలన్నీ కథకుడు అడగవలసినవే. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా ప్రభల తీర్థం వెళ్ళింది. గర్వపడ్డాం. అయితే ఢిల్లీ వీధిలో ప్రభ వాహనం మీద కదిలింది. భుజం తీసేసిన ప్రభ ప్రదర్శన అవుతుంది. సాహిత్యంలో మనం చేస్తున్నదీ చాలాసార్లు అదే.

6

దీనివల్ల నష్టం ఎవరికి? సమాధానం నాకు నా తరగతి గదిలో కనబడింది. ఆ మధ్య పదో తరగతి పిల్లలకు "మా ఊరి సాయంకాలం" అన్న వ్యాసం ఇచ్చాను. నలభై పైచిలుకు పుస్తకాల్లో కోనసీమ ఆంధ్రా కేరళ అని, కొబ్బరితోటలు కనువిందు చేస్తాయని, దిండిలో పడవ ఇళ్ళు ఉన్నాయని ఉంది. ఆ పిల్లల్లో చాలామంది తండ్రులు దింపు, వలుపు పనులు చేసేవారు. తల్లులు పీచు పనికి పోయేవారు. ఆ పడవ ఇల్లు ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. తమ సాయంకాలం రాయదగ్గది కాదని వారికి ఎవరో చెప్పారు. ఎవరో కాదు, మన పుస్తకాలు చెప్పాయి. ఒక్క పిల్ల మాత్రం నాలుగే వాక్యాలు రాసింది. ఆ అమ్మాయి తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. సాయంత్రం ఆరింటికి ఫోను వస్తుందట. అప్పుడు అక్కడ మూడున్నర. ఆ ఇంటివాళ్ళు భోంచేసి నిద్రపోయే వేళ. వాళ్ళు లేచేవరకే అమ్మ మాట్లాడుతుందని రాసి ఆపేసింది.

నిడివికి మార్కులు వేసే పద్ధతిలో ఆ వ్యాసం నిలబడదు. కాని ఈ సీమ సాయంకాలం గురించి ఈ మధ్య నేను చదివిన వాటిలో అంతటి వాస్తవికత ఉన్నది మరొకటి లేదు. ఒకరి కునుకు ఇంకొకరికి తీరిక ఎలా అయిందో, ఆ తీరిక సముద్రం దాటి ఒక చిన్నపిల్ల సాయంకాలాన్ని ఎలా నిర్ణయిస్తోందో ఆ నాలుగు వాక్యాల్లో ఉంది. రాజోలు, అమలాపురం ప్రాంతాలనుంచి గల్ఫ్ దేశాలకు పోయిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వారి కాలాన్ని గురించి మన కథా సాహిత్యం చెప్పింది చాలా కొద్ది.

రాయవలసింది ఇంకా ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో చమురుబావి అంటుకుని 65 రోజులు మండినప్పుడు ఆ చుట్టుపట్ల రాత్రి రాత్రిలా లేదు. 1996 నవంబరు 6 తుఫాను తరవాత విరిగిన కొబ్బరిచెట్ల మధ్య ఎదురుచూపు తప్ప సాయంకాలం లేదు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక రైతులు పంటవిరామం ప్రకటించినప్పుడు రైతు తీసుకున్న విరామం తీరిక కాదు. అతని పొలం ఖాళీ వల్ల కూలివాడికి వచ్చిన ఖాళీ అసలే తీరిక కాదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఈ తేదీలన్నీ కోనసీమ వర్ణనలో భాగమే. ఇవి చేరితే అందం తరగదు. అందం ఎంత ప్రియమయినదో తెలుస్తుంది.

కొత్తగా రాస్తున్న మిత్రులకూ, ఈ విషయం మీద పరిశోధన చెయ్యదలచిన విద్యార్థులకూ నేను సూచించే గీటురాయి చాలా మామూలుది. ఒక రచనలో ఎవరయినా విశ్రాంతిగా కూర్చుని కనబడితే, ఆ క్షణాన పని చేస్తున్నవారు రచనలో ఎక్కడ ఉన్నారో వెతకండి. ఎవరయినా పని చేస్తూ కనబడితే, వారి పని ఎప్పుడు తీరుతుందో, తీరాక వారు ఏం చేస్తారో రచయితకు తెలుసునా అని చూడండి. మొదటి ప్రశ్నకు జవాబు లేని రచన అలంకారం. రెండో ప్రశ్నకు జవాబు లేని రచన కరపత్రం. రెండింటికీ జవాబు చెప్పగల కథ కోనసీమనుంచి రావాలి. అటువంటి కథకు కావలసిన వస్తువు మన రేవుల దగ్గర, పీచు కళ్ళాల్లో, బండారులంక మగ్గం గుంటల్లో, పంటు మీద తట్టలు దించుకుని నవ్వుకునే ఆడవాళ్ళ మాటల్లో పుష్కలంగా ఉంది. వారి పక్కన కూర్చుని వినడానికి ముందుగా రచయితకు తీరిక చిక్కాలి.